మూడింటి లెక్క

బిష్కెక్ పొలిమేర, దొర్దోయ్ బజారు.
సముద్రం ఎరగని దేశంలో
ఒకదానిమీదొకటి పేర్చిన ఓడ డబ్బాల నడుమ
ఆరో వరసలో నాది అరడబ్బా కొట్టు.
తీగకు గుచ్చిన చక్రాలు
ఉల్లిగడ్డల జడల్లా వేలాడుతుంటాయి.

తిలెక్ తెల్లారకముందే వచ్చాడు.
నారిన్ కొండల్నించి దిగి పదకొండు రోజులట.
చేతిలో విరిగిన చక్రం,
చెవుల్లో ఇంకా బండి యజమాని తిట్లు.
"నాలుగూ గిర్రున తిరిగేవే ఇవ్వు, జిపార్‌గుల్ అక్కా,
ఎటంటే అటు పోవాలి నాకు."

ఎటంటే అటు పోయే బండి
నిన్నూ ఎటంటే అటు లాక్కుపోతుంది, అబ్బీ.
ముందు రెండూ మొండివి పెట్టు, మెడ తిప్పనివి.
పిడి వైపు రెండూ తిరిగేవి.
మొండివి దారి పట్టుకుంటాయి,
తిరిగేవి నీ మాట వింటాయి.
వాలులో దిగేటప్పుడు తెలుస్తుంది తేడా;
తెలిసేసరికి ఎదురుగా
టీ కెటిళ్లు తోసుకొస్తున్న ముసలమ్మ ఉంటుంది.

ఇదిగో, పక్కనుంచి చూడు.
మెడ ఇక్కడ, ఇరుసు అక్కడ.
సరిగ్గా కిందలేదు, రెండు వేళ్లు వెనకబడింది.
మొదట్లో నేనూ తయారీ తప్పనుకున్నాను,
ఒక పెట్టె మొత్తం వాపసు పంపించాను కూడా.
వెనకబడింది కాబట్టే
ఈడ్చుకుంటూ, తిరిగి, దారికొస్తుంది.
సూటిగా మెడ కిందే కూర్చున్నదానికి
ఏ వైపూ తెలియదు.

బరువెంత?
మూడొందల కిలోల బేళ్లు, బండి ఒళ్లు అరవై.
నాలుగుతో భాగించి "తొంభై" అన్నాడు, చదువుకున్నవాడు.
నేను మూడుతోనే భాగిస్తాను.
నే పట్టిన కుందేటికి మూడే కాళ్లంటే నవ్వాడు.
నవ్వు. ఈ నేల చూశావా?
మంచు కరిగి, మళ్లీ గడ్డకట్టి,
పొక్కిలి లేచిన తారు.
దీనిమీద ఎప్పుడూ ఒక చక్రం గాల్లోనే ఉంటుంది.
మిగతా మూడూ మోస్తాయి, ఏమీ అనవు.
ఒకరోజు అంటాయి.
ఏమన్నాయో నా మరిది కుడిమోకాలిని అడుగు.
నూట ఇరవై. అంతకు తక్కువ మోసేది నీకు అమ్మను.

నైలానుది గట్టిది, తేలిగ్గా పోతుంది,
దాని చప్పుడుకు మాత్రం డబ్బాలన్నీ పళ్లు కొరుకుతాయి.
రబ్బరుది మెత్తన;
రాత్రంతా బరువుతో నిలబెడితే ఒకవైపు చదునై
పొద్దున కుంటుతుంది.
పాలీయురెథేన్ రెంటికీ నడుమ.
ధర నడుమ కాదు.
ఏదైనా సరే, జానెడు ఉండాలి.
చిన్న చక్రానికి ప్రతి పగులూ గొయ్యే.

వాడు తెచ్చిన విరిగినదాన్ని విప్పాను.
ఇరుసు చుట్టూ దారాలు, పిడికెడు.
కత్తితో కోస్తుంటే పొరలు పొరలుగా విడిపోయాయి:
పైన నలుపు, ఈ చలికాలపు కోట్లు;
దానికింద ఆకుపచ్చ, బడిసంచుల కుట్టు;
ఇంకా లోపల ఎర్ర ఉన్ని, ఏ పెళ్లి తివాచీదో.
అడుగున ఒక తెల్ల వెంట్రుక,
పొడుగ్గా.
తిలెక్ దాన్ని వేలికి చుట్టుకుని
చాలాసేపు చూశాడు.
నాకంటే ముందు ఎవరు తోశారు దీన్ని, అన్నాడు.
నాకేం తెలుసు.
నెలకోసారి కొయ్యి, అన్నాను.
చక్రాన్ని బరువుకంటే ముందు దారమే చంపుతుంది.

వాడి దగ్గర రెండింటికే డబ్బుంది.
రెండు పెద్దవి, రెండు చిన్నవి అయితే
బండి ముక్కు నేలకు పొడుస్తుంది.
నాలుగూ ఇచ్చాను. అది దయ కాదు, కొలత.
ఖాతాలో వాడి పేరు రాసి
పక్కన గడువు రాయకుండా వదిలేశాను.

"జోల్! జోల్!" అరుచుకుంటూ పోయాడు,
దారి, దారి అని.
ఇంకా అడుగుతున్నట్టే ఉంది గొంతు,
ఎవరూ తప్పుకోవడం లేదు.
మూడు చక్రాల చప్పుడు, మధ్యమధ్య నాలుగోది.

టీ పోసుకున్నాక గుర్తొచ్చింది,
బ్రేకు సంగతి చెప్పనేలేదు.
తొమ్మిదో వరస దగ్గర వాలు మొదలవుతుంది.
కొట్టు తలుపు తెరిచే ఉంచి
పరుగెత్తాను.